దుమ్ము తిన్న ట్రాక్టరు, నీరు తాగిన ట్రాక్టరు

ఎద్దును కొనబోయే రైతుకు మన పల్లెలలో ఒక శాస్త్రమే ఉండేది. నోరు తెరిచి పళ్ళు చూచి, రెండు పళ్ళదో, నాలుగు పళ్ళదో, నోరు నిండినదో తేల్చుకొనేవాడు. సుడులు చూచేవాడు. నాలుగడుగులు నడిపించి, అరక కట్టి ఒక చాలు దున్నించి గాని బేరానికి దిగేవాడు కాడు. ఆ విద్య తాతనుంచి మనుమనికి నోటి మాటగా వచ్చినది. ఎద్దు స్థానంలో యంత్రం వచ్చేసరికి ఆ విద్య అక్కరకు రాకుండా పోయినది. నేడు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో రెండు మూడెకరాల రైతు ఒకరు వాడిన చిన్న ట్రాక్టరును కొనబోయినప్పుడు, తరచుగా అతడు చూచేది పైరంగును, టైర్లను, దళారి ముఖాన్ని.

చిన్న ట్రాక్టరంటే ముప్పై అశ్వశక్తికి లోబడినదని స్థూలంగా చెప్పుకోవచ్చును. సాళ్ళ మధ్య తిరగగలదు. చిన్న మడిలో మళ్ళగలదు. డీజిలు తక్కువ తాగుతుంది. అందువల్లనే దానికి గిరాకీ. కొత్త ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతంనుండి 5 శాతానికి దిగినది. కొత్తదాని ధర దిగినప్పుడు పాతదాని ధర కూడా దిగవలెను గదా! అమ్మేవాడు పాత లెక్కనే చెబుతుంటే ఈ సంగతి జ్ఞాపకం చేయడంలో తప్పు లేదు.

“సర్వీసు చేయించలేదు గాని ఇంజను బంగారం” అన్న మాట ఇలాంటి బేరాలలో వినబడుతుంది. దానిని అబద్ధమని తోసివేయడమూ, నిజమని నమ్మడమూ రెండూ తొందరపాటే. సర్వీసు వాయిదా పడితే ముందు ఏర్పడేది బాకీ. కొత్త నూనె, కొత్త ఫిల్టర్లు వేస్తే అది తీరిపోతుంది. ఆ ఖర్చును ధరలో తగ్గించుకోవచ్చును. ఆ బాకీపై పెరిగిన వడ్డీ వేరు. అది అరిగిపోయిన లోహం. ధర ఎంత తగ్గించినా కొన్నవానిని ముంచేది అదే. ఎంత బాకీయో, ఎంత వడ్డీయో కనిపెట్టడమే కొనుగోలుదారుని పని.

బాకీ లెక్క ఆరవ తరగతి విద్యార్థికి కూడా వస్తుంది. ట్రాక్టరు వయస్సును కిలోమీటర్లతో గాక పనిచేసిన గంటలతో కొలుస్తారు. నమూనాను బట్టి మారినా, ఇంజను నూనెను సుమారు 250 గంటలకొకమారు మార్చమని చాలా కంపెనీలు చెబుతవి. గంటల మీటరు 2,500 చూపుతున్నది. చివరిసారి నూనె మార్చినది 1,900 వద్ద అనుకొందాము. 2,150 వద్ద ఒకటి, 2,400 వద్ద ఒకటి, రెండు మార్పులు తప్పినవన్నమాట. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా ఇవ్వదగును. సర్వీసు పుస్తకం ఏ భాషలో ఉన్నా, ఆ ఇంటిలో దానిని చదివి పెట్టవలసినవాడు బడికి పోయే పిల్లవాడే గదా. అయితే మీటరు నిజం చెప్పుతున్నదా అన్నది వేరే ప్రశ్న. మీటరు 900 గంటలే చూపుతూ, క్లచ్చి పెడలు మీది గీతలు అరిగి అద్దంలా మెరుస్తుంటే, పెడలునే నమ్మవలె.

వడ్డీ సంగతి నేలను బట్టి ఉంటుంది. కామారెడ్డి వైపు మెట్టచేలలో, మక్క పంటకు ఎండిన నేలను దున్నే బండికి శత్రువు దుమ్ము. గాలి ఫిల్టరు మూసుకొనిపోతే ఇంజను నల్లని పొగ వదులుతుంది. ఇది బాకీయే, ఫిల్టరు శుభ్రం చేస్తే పోతుంది. ఆ ఫిల్టరు దాటిన తరువాత ఇంజనుకు పోయే గొట్టమొకటి ఉన్నది. దానిని విప్పి లోపల వేలు పెట్టి చూడవలె. వేలికి దుమ్ము అంటినదా, ఆ దుమ్ము సిలిండరులోనికి పోయి రింగులను, లైనరును ఆకురాయిలా అరగదీసే ఉంటుంది. నీలిపొగ, నూనె పోసే మూత తీస్తే లోపలినుండి ఎగదన్నే ఆవిరి, దీనికి సాక్ష్యాలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి తిప్పించవలె. మనం చేరేసరికి వేడెక్కించి సిద్ధంగా ఉంచిన బండిని అనుమానించడమే మంచిది.

ఎల్లారెడ్డి వైపు కథ వేరు. 1922లో పూర్తయిన పోచారం జలాశయం కింద వరి పండే నేలలవి. కేజ్‌వీల్స్ తగిలించుకొని కరిగెటలో ఇరుసుదాకా దిగి దున్నే బండికి శత్రువు నీరు. ఇరుసు సీళ్ళు అరిగితే బురదనీరు గేరుపెట్టెలోని నూనెలో కలుస్తుంది. నూనె కొలిచే కడ్డీ తీసి చూస్తే నూనె మజ్జిగ రంగున ఉంటుంది. కడ్డీతో తేలకపోతే, బండిని రాత్రంతా కదలకుండా నిలిపి, తెల్లవారి అడుగు బిరడాను కొంచెం వదులు చేస్తే ముందు నీరే కారుతుంది. గేర్లు మోత లేకుండా పడుతుంటే సీళ్ళు, నూనె మార్చి గట్టెక్కవచ్చును. చిన్న బండిలో సైతం ఆ నూనె ఇంజను నూనెకంటె ఎన్నో రెట్లు పడుతుంది కాబట్టి ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. ఊళపెడుతుంటే మాత్రం బేరం మానుకోవలసినదే. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వరదలు అందరికీ గుర్తున్నవి. అప్పుడు నీట నిలిచిన యంత్రాన్ని ఎంత కడిగినా డైనమో సందులలోనో, సీటు కిందనో ఒండ్రు మిగిలే ఉంటుంది.

రోటవేటరును పైకెత్తి ఇంజను ఆపితే అది వెంటనే దిగజారుతున్నదా, స్టీరింగులో ఆట ఎంత, అన్నవి మిస్త్రీ క్షణంలో చెప్పగలడు. విడిభాగాల సంగతి కూడా విచారించవలె. పొరుగున జహీరాబాదులో 2013లో మహీంద్రావారి ట్రాక్టర్ల కర్మాగారం వెలసినది. అంతమాత్రాన మన ఊరి దుకాణంలో మనకు కావలసిన నమూనా సీలు దొరకుతుందని కాదు.

నంబరు పలక ఎద్దు పళ్ళవంటిది. ఎ.పి. 25 అని ఉంటే 2014కు ముందు నిజామాబాదులో రిజిస్టరు అయినది. టి.ఎస్. 17 అయితే 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడిన తరువాతిది. టి.జి. అని ఉంటే 2024 మార్చి తరువాతిది. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరినదని బ్యాంకు కాగితం, దానితో 35వ నంబరు ఫారం చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వరాదు. 29, 30 నంబరు ఫారములు నింపి పేరు మార్పించుకోవడం అమ్మినవానికి కూడా క్షేమం. ప్రమాదం జరిగితే కోర్టు ముందుగా పిలిచేది ఆర్.సి.లో పేరున్నవానినే.

ఇన్నీ చూచి కొన్న బండిని ఇంటికి తెచ్చిన నాడే, ఇంజను వేడి ఆరకముందే పాత నూనె దింపివేయవలె. కొత్త ఫిల్టరు మీద తేదీని, గంటల అంకెను రంగుతో రాసిపెట్టుకోవలె. ఆ కొత్త నూనెను 250 గంటలదాకా ఉంచక 50 గంటలకే మరల మార్చితే, ఏళ్ళ తరబడి లోపల పేరుకొన్న మడ్డి కొంత దానితోపాటు వెలికి వస్తుంది.