టీవీ ఆగింది, కెమెరా ఆగలేదు

గత శీతకాలంలో ఎచ్చెర్లలోని మా ఖాలమ్మ ఇంటికి వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఇది. ఆమె పెద్ద కుమారుడు దమ్మామ్‌లో పనిచేస్తున్నాడు. అంతకు ముందు సెలవుకు వచ్చినప్పుడు ముందు గదిలో పెద్ద టీవీ, దానికొక స్ట్రీమింగ్ పెట్టె, కింద పొడవాటి సౌండ్‌బార్, టీవీ నెత్తిన చిన్న కెమెరా అమర్చి వెళ్లాడు. ఖాలమ్మకు చూపు మందగించింది. ఫోను తెర మీద కుమారుని ముఖం బొటనవేలంత కనిపించేది. ఇప్పుడు గోడంత కనిపిస్తున్నాడు. మొదటిసారి అలా చూసినప్పుడు ఆమె లేచి వెళ్లి తెర మీద చేయి వేసి నిమిరిందట. ఈ పరికరాల మీద ఎంత విసుగు వచ్చినా ఆ ఒక్క దృశ్యం గుర్తుకు వస్తే నేను మెత్తబడతాను.

ఆ రాత్రి ఇషా నమాజు అయి, భోజనాలు ముగిశాక తొమ్మిదిన్నరకు కాల్ కలిపారు. అక్కడ అప్పుడు ఏడు గంటలు. అరగంట మాట్లాడుకున్నారు. ‘ఖుదా హాఫిజ్’ చెప్పుకున్నాక మనవడు రిమోట్ అందుకుని వార్తలు పెట్టాడు. కాల్ ముగిసిందనే అందరమూ అనుకున్నాం. మరిది, నేను బయటి గదిలోకి వెళ్లాం. కోడలు వంటింటి పని ముగించుకుని, తల మీది దుపట్టా తీసి పక్కన వేసి, జుట్టు విప్పుకుని, పిల్లలకు అక్కడే పక్కలు వేయసాగింది. కొంతసేపటికి ఫోను మోగింది. అవతల కుమారుడు. “అమ్మీ, కెమెరా ఇంకా నడుస్తోంది. ఆపించండి” అన్నాడు. ఫోనును నీళ్ల సీసాకు ఆనించి ముఖం కడుక్కోవడానికి వెళ్లి వచ్చేసరికి, తన గదిలో నలుగురు సహవాసులు అన్నం తింటుండగా, వాళ్ల ఎదుట తన ఇల్లు కనిపిస్తోందట. ఫోనును బోర్లా పెట్టి, వరండాలోకి వెళ్లి మరొకరి ఫోను నుంచి చేశాడు.

తప్పు ఎవరిదీ కాదు. కానీ ఆ కోడలు మరునాడంతా ముందు గదిలోకి రాలేదు.

జరిగినదేమిటో నాకు రెండు రోజుల తర్వాత గాని అర్థం కాలేదు. టీవీ వెనుక రెండు మూడు హెచ్‌డీఎంఐ ద్వారాలు ఉంటాయి. కేబుల్ పెట్టె ఒక దానికి, స్ట్రీమింగ్ పెట్టె మరొక దానికి తగిలిస్తాము. రిమోట్ మీది ‘ఇన్‌పుట్’ మీట చేసే పని వీటిలో దేనిని తెర మీద చూపాలో ఎంచుకోవడం, అంతే. మనం కేబుల్ పెట్టెకు మారినంత మాత్రాన స్ట్రీమింగ్ పెట్టె తన పని మానదు. తెర మీద వార్తలు వస్తున్నా, వెనుక అది కాల్‌ను మోస్తూనే ఉంటుంది. కెమెరా దానికి తగిలించి ఉన్నది కనుక కెమెరా కూడా చూస్తూనే ఉంటుంది. అసలు టీవీనే ఆపివేసినా పెట్టెకు విద్యుత్తు వేరే తీగ నుంచి అందుతుంటే పరిస్థితి ఇదే కావచ్చు. పూర్వం టీవీ ఒకే వస్తువు. ఆపితే ఆగేది. ఇప్పుడు అది నాలుగు వస్తువుల కూటమి. ఒకటి ఆగిన సంగతి మరొక దానికి ఎవరో చెప్పాలి.

చెప్పే ఏర్పాటు లేకపోలేదు. హెచ్‌డీఎంఐ తీగలోనే ‘సీఈసీ’ అనే సదుపాయం ఉన్నది. టీవీ ఆగితే పెట్టె, సౌండ్‌బార్ కూడా ఆగేటట్లు చేసేది అదే. ఒకే రిమోట్‌తో అన్నీ నడిపించేదీ అదే. అయితే ఒక్కొక్క కంపెనీ దానికి ఒక్కొక్క పేరు పెట్టింది. సామ్‌సంగ్ టీవీలో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని సెట్టింగులలో వెదకాలి. టీవీలోనూ, పెట్టెలోనూ, రెండింటిలోనూ దానిని ఆన్ చేయాలి. ఆన్ చేసి, ఒక కాల్ కలిపి, టీవీ ఆపి, అవతలి వారిని ‘మేము కనిపిస్తున్నామా?’ అని ఫోనులో అడిగి చూడాలి. ఈ పరీక్ష చేయకుండా కెమెరాను ఇంట్లో ఉంచవద్దని నా మనవి. ఇన్‌పుట్ మార్చినప్పుడు మాత్రం సీఈసీ మనకు అక్కరకు రాదు. కాల్‌ను ఎరుపు మీటతోనే ముగించాలి.

ధ్వని విషయానికి వస్తే, ఖాలమ్మ ఇంట్లో మరొక చిక్కు ఉండేది. దమ్మామ్‌లో కుమారునికి తన మాట తనకే ఒక క్షణం ఆలస్యంగా మళ్లీ వినిపించేది. ‘నెట్ బాగాలేదు’ అని సరిపెట్టుకునేవారు. నెట్ దోషం కాదది. అతని మాట ఇక్కడి సౌండ్‌బార్‌లో పెద్దగా వినిపించి, కెమెరాలోని మైకులో పడి, తిరిగి అతని వద్దకే పోతోంది. ఇటువంటి ప్రతిధ్వనిని యాప్ తనంతట తాను తొలగించుకోగలదు గాని, స్పీకరు నుంచి వచ్చే ధ్వని ఎంత ఆలస్యంగా వస్తుందో దానికి అంచనా ఉండాలి. బ్లూటూత్ ద్వారా కలిపిన స్పీకరులో ఆ ఆలస్యం ఎక్కువగా ఉంటుంది, నిలకడగానూ ఉండదు. అందుకే పెదవులు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది.

మందు చాలా చిన్నది. సౌండ్‌బార్‌ను బ్లూటూత్‌తో కాక, టీవీ వెనుక ‘ఏఆర్‌సీ’ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ ద్వారానికి తీగతో కలపాలి. 2009లో వచ్చిన ఏర్పాటు ఇది. ధ్వనిని టీవీ నుంచి స్పీకరుకు వెనక్కు పంపుతుంది. దాని మెరుగైన రూపం ‘ఈఏఆర్‌సీ’. సాధారణంగా టీవీకి ఉన్న ద్వారాలలో ఒక్కటే ఏఆర్‌సీ ద్వారం. చాలా ఇళ్లలో తెలియక దానికి కేబుల్ పెట్టెను తగిలించి, సౌండ్‌బార్‌ను గాలిలో కలుపుతారు. మేము తీగలు మార్చాము. ఇక కాల్ సమయంలో సౌండ్‌బార్ వద్దనుకుని, టీవీలోని స్పీకర్లే చాలించాము. ఖురాన్ పారాయణం వినడానికి సౌండ్‌బార్ మేలు. మనిషి మాటకు టీవీ చాలు.

గల్ఫ్‌లో బంధువులున్నవారు మరొక సంగతి తెలుసుకోవాలి. వాట్సాప్ ఫోను కోసం చేసిన యాప్. ఫోను తెరను టీవీ మీదికి పంపితే బొమ్మ పెద్దదవుతుంది గాని కెమెరా మాత్రం ఫోనుదే. టీవీ కెమెరా పనిచేయాలంటే ఆ పెట్టెలో నడిచే కాల్ యాప్ కావాలి. సౌదీ ప్రభుత్వం 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్‌లపై నిషేధాన్ని సడలించింది. ఎమిరేట్స్‌లో పరిస్థితి వేరు. అక్కడ మామూలు వాట్సాప్ కాల్‌కు అనుమతి లేదు, బోటిమ్ వంటి లైసెన్సు ఉన్న యాప్‌లనే వాడాలి. వీపీఎన్‌తో దానిని దాటబోతే అక్కడున్న మనవాడే చట్టపరమైన చిక్కుల్లో పడతాడు. కనుక కెమెరా కొనే ముందు అవతలి దేశంలో ఏ యాప్ నడుస్తుందో, ఇక్కడి పెట్టెలో అది ఉన్నదో లేదో అడగడం మంచిది. కొన్నాక అడిగేవారినే ఎక్కువగా చూశాను.

అనుమతి అనే తలుపు

సూరె నూర్ 27వ ఆయత్ ఇతరుల ఇళ్లలోకి అనుమతి కోరి, సలాం చెప్పిన తర్వాతనే ప్రవేశించమంటుంది. 58వ ఆయత్ ఇంటి లోపలికే వస్తుంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం వస్త్రాలు సడలించుకునే వేళ, ఇషా తర్వాత, ఈ మూడు వేళల్లో ఇంట్లోని సేవకులు, యుక్తవయస్సు రాని పిల్లలు సైతం అనుమతి అడగాలని నిర్దేశిస్తుంది. మన సంఘటన జరిగింది సరిగ్గా ఆ మూడవ వేళలోనే. తలుపు సందులోంచి తొంగి చూసిన వ్యక్తిని దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా మందలించి, అనుమతి కోరే నియమం చూపును అరికట్టడానికే వచ్చిందని తెలిపిన వృత్తాంతం బుఖారీ గ్రంథంలో ఉన్నది. కెమెరా కన్ను కూడా ఒక సందే. తేడా ఏమిటంటే దానిని మనమే తెచ్చి, మనమే బిగించుకున్నాము.

కొన్ని పరికరాలలో ఈ తలుపును అసలే తీసివేసే సదుపాయం ఉన్నది. అమెజాన్ అలెక్సా పరికరాలలో ‘డ్రాప్ ఇన్’ అంటారు. మనం ముందుగా అనుమతించిన వ్యక్తి కాల్ చేస్తే, ఇక్కడ ఎవరూ ఎత్తకుండానే అది కలుస్తుంది. మంచం పట్టిన తల్లిని దూరం నుంచి కనిపెట్టుకుని ఉండటానికి అది ఉపయోగమే, కాదనను. అటువంటి అవసరముంటే ఆ పరికరం ఆమె గదిలోనే ఉండాలి. ఆ గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ సంగతి తెలిసి ఉండాలి. కుటుంబమంతా తిరిగే ముందు గదిలో మాత్రం ఈ సదుపాయాన్ని మూసివేయడమే సబబు. కన్నకొడుకైనా సరే తలుపు తట్టాలి.

కెమెరా ఎటు చూస్తున్నదన్నదీ ముఖ్యమే. ఖాలమ్మ ఇంట్లో టీవీ ఎదురుగా సోఫా, సోఫా వెనుక వంటింటి ద్వారం. కెమెరాకు సోఫా ఎంత బాగా కనిపిస్తుందో ద్వారమూ అంతే బాగా కనిపిస్తుంది. ఇప్పటి కెమెరాలలో కొన్ని మనిషి కదిలితే వెంట తిరుగుతాయి కూడా. టీవీని పక్క గోడకు మార్చి, సోఫా వెనుక గోడ వచ్చేటట్లు చేశాము. ఒక పూట పని. తీగల కోసం మేకులు కొట్టడమే పెద్ద శ్రమ అయింది.

వీధి గుమ్మం వద్ద పెట్టే సీసీ కెమెరాను కూడా టీవీలో చూడాలని ఇప్పుడు అందరికీ సరదా. గంట మోగితే వచ్చినవారు పురుషులో స్త్రీలో లోపలి నుంచే తెలుసుకోవచ్చు గనుక మన ఇళ్లకు అది మేలే. దానికి ఇంటర్నెట్ అవసరమే లేదు. డీవీఆర్ పెట్టె నుంచి హెచ్‌డీఎంఐ తీగను నేరుగా టీవీకి కలిపితే చాలు. ఇంటర్నెట్‌కు కలిపితే మాత్రం మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం. 2016లో ‘మిరాయి’ అనే దుష్ట ప్రోగ్రామ్ ప్రపంచమంతటా లక్షలాది కెమెరాలను, డీవీఆర్‌లను లోబరచుకున్నది ఎంతో తెలివితో కాదు, కంపెనీ పెట్టిన పాస్‌వర్డును కొన్నవారు మార్చకపోవడంతో. మన దేశంలోనూ సీసీ కెమెరాల అమ్మకానికి 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షల ధ్రువీకరణ తప్పనిసరి అయింది. దుకాణంలో ఆ మాట అడగండి. ఇంకొకటి, కెమెరా మన గుమ్మాన్నే చూడాలి, ఎదురింటి పెరటిని కాదు. ఒకరి అనుమతి లేకుండా వారి శరీర గోప్యతను చిత్రీకరిస్తే సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

స్ట్రీమింగ్ పెట్టె విషయంలో చవక చాలా ఖరీదైనది. పేరు లేని ఆండ్రాయిడ్ పెట్టెలు ‘అన్ని ఛానెళ్లూ ఉచితం’ అంటూ దొరుకుతాయి. 2024 సెప్టెంబరులో డాక్టర్ వెబ్ అనే భద్రతా సంస్థ ఇటువంటి పెట్టెలు దాదాపు 13 లక్షలు, 197 దేశాలలో, ఒకే దుష్ట ప్రోగ్రామ్ బారిన పడ్డాయని తెలిపింది. సినిమాలు చూసుకునే పెట్టెకు రోగం వస్తే ఒక నష్టం. కెమెరా తగిలించిన పెట్టెకు వస్తే మరొక నష్టం. పేరున్న కంపెనీ అయినంత మాత్రాన నిశ్చింత అనీ చెప్పలేము. తమ టీవీలు చూసేవారు ఏమి చూస్తున్నారో అనుమతి లేకుండా సేకరించినందుకు విజియో కంపెనీ 2017లో అమెరికాలో 22 లక్షల డాలర్లు చెల్లించింది. టీవీ మొదట ఆన్ చేసినప్పుడు వచ్చే ‘అంగీకరిస్తున్నాను’ అనే పుటలను చదవకుండా నొక్కడం మనకు అలవాటు. వాటిలో కొన్నింటికి ‘వద్దు’ అన్నా టీవీ నడుస్తుంది.

మన ప్రాంతానికి ఈ సౌకర్యాలు వచ్చి ఎంతో కాలం కాలేదు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను ఒకే తీగ మీద ఇస్తామంటూ ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే సాగుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వద్ద తీరం దాటినప్పుడు స్తంభాలు కూలితే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా చూసింది. కనుక ఎంత పెద్ద టీవీ ఉన్నా గల్ఫ్‌లోని బిడ్డ నంబరును గోడ మీద కూడా రాసి ఉంచండి. రౌటరుకు చిన్న యూపీఎస్ పెడితే మామూలు కరెంటు కోతలకు కాల్ తెగదు.

మొన్న వెళ్లినప్పుడు ఖాలమ్మ ఇంటి టీవీ మీద కెమెరాకు ఒక చిన్న టోపీ కనిపించింది. కోడలు ఊలుతో అల్లినదట, ఆకుపచ్చ రంగు. కాల్ వచ్చినప్పుడు ఖాలమ్మ లేచి ఆ టోపీని తానే తీస్తుంది. తీసే ముందు ఇంట్లోకి వినిపించేలా ఒక్కసారి గట్టిగా “వస్తున్నాడు” అని పిలుస్తుంది. లోపల అడుగుల చప్పుడు ఆగేదాకా ఆగి, అప్పుడు తీస్తుంది.