నౌపడ చిన్నరైలు

భావనపాడు ప్రాంతమువారు రైలెక్కవలెనన్న నౌపడకు పోవుదురు. అది మహాపట్టణము కాదు. ఉప్పుమళ్ళ చెంతనున్న యూరు. అట్టిచోట రెండు రైలుమార్గములు కలియుటకు కారణమేమో సోదరీమణులు తెలిసికొనదగినది.

1893 మొదలు 1896 వఱకు కటకమునుండి బెజవాడదాక తూర్పుకోస్తా రైలుమార్గము వేయబడెను. అది తీరమునకు దాపుగా సాగుటచే కొండలదిక్కుననున్న పర్లాకిమిడి దానికి దూరమయ్యెను. అంతట పర్లాకిమిడి ప్రభువు గౌరచంద్ర గజపతి దొరతనమువారి యనుమతి పడసి, సుమారు 7 లక్షల రూపాయలు వెచ్చించి, నౌపడనుండి తన నగరమునకు 25 మైళ్ళ చిన్నరైలు వేయించెను. అది 1900 ఏప్రిల్ 1వ తేదీని తెఱువబడెను.

పెద్దరైలు పట్టాల నడిమి యెడము 5½ అడుగులు. దీనికి 2½ అడుగులే. ఒకదాని బండి వేఱొకదానిపై నడువదు. కావున నౌపడలో ప్రయాణికులు దిగి బండి మాఱవలెను, సరకులు దింపి మరల నెత్తవలెను. తొలియేండ్లలో రాజుగారికి మిగిలినది నష్టమే. 1910 తరువాత స్వల్పలాభము కనబడెను. ఆదాయము పెరిగినపిమ్మట 1931 నాటికి మార్గము గుణుపురముదాక సాగెను.

1936 ఏప్రిల్ 1వ తేదీని ఒరిస్సా రాష్ట్ర మేర్పడెను. పర్లాకిమిడి అందు చేరెను. దాని ప్రక్కనున్న పాతపట్నము ఇవతలనే నిలిచెను. చిరకాలము పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరభాషకు సేవచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ యేడు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పండితుడు ఊరు మార్చుకొనగలిగెను. కాని మెట్టినిల్లు ఒక రాష్ట్రమున, పుట్టినిల్లు వేఱొక రాష్ట్రమున నైన ఆడుబిడ్డ ఏమి మార్చుకొనగలదు? పురుటికి పోవు చూలాలికి, చంటిబిడ్డతో పండుగకు వచ్చు కూతురికి ఆ చిన్నరైలే దిక్కయ్యెను. సరిహద్దు నడుమ పడినను అది పరుగు మానలేదు.

పట్టాలు వెడల్పుచేయుటకై 2004 జూనులో చిన్నరైలు నిలిచిపోయెను. 2011లో గుణుపురమువఱకు పెద్దరైలు నడిచెను. గజపతి వేసిన చిన్నపట్టాలు పోయినవి. నౌపడలో మూటలు దింపి యెత్తు శ్రమయు దానితోనే పోయినది. ఆయన యేర్పఱచిన దారి మాత్రము నిలిచియున్నది. మన బిడ్డలకు నౌపడ స్టేషను చూపునప్పుడు ఈ కథ చెప్పుట మంచిది. రెండు రాష్ట్రముల బంధువర్గమును నూఱేండ్లు కలిపినది ఆ సన్ననిదారియే గదా!