తిథికీ తేదీకీ మధ్య మౌతార్గాన్

హైటెక్‌సిటీలో పెళ్లిళ్లకీ పాటకచేరీలకీ సీజన్ ఒకటే. వానలు వెనక్కి తగ్గి, ఎండలు ఇంకా ముదరని నవంబరు-ఫిబ్రవరి నెలల్లోనే ఆరుబయట వేదికలు కడతారు. కార్తీకం, మార్గశిరం, మాఘం... పురోహితులకు ఊపిరి సలపని ముహూర్తాలూ అప్పుడే! మాదాపూర్, కొండాపూర్ దారుల్లో ఒక గేటు ముందు అరటిబోదెలు, ఇంకో గేటు ముందు సౌండ్ బాక్సుల లారీలు. 2023 ఫిబ్రవరి 25, 26 తేదీల్లో గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా కచేరీ జరిగింది. పంచాంగం తీసి చూడండి, ఫాల్గుణ మాసం... అదీ పెళ్లిళ్ల నెలే.

ఇళయరాజా అంటే ఇంట్లో అందరికీ తెలుసు. 'పెళ్లికి రాలేను, రాజా కచేరీ ఉంది' అంటే తిట్టినా అర్థం చేసుకుంటారు. అదే బ్లూస్ మౌతార్గాన్ వాయించే ఓ అమెరికా పెద్దాయన కోసం అంటే? ముందు 'ఎవరాయన?' అంటారు. ఆ తర్వాత 'దానికి ముంబయి దాకా వెళ్లాలా?' అంటారు.

జేబులో పట్టే వాద్యం

మౌతార్గాన్ మనకు కొత్తేం కాదు. 'షోలే'లో చీకటి పడ్డాక జయాబాధురి ఒక్కో దీపం తగ్గిస్తుంటే అరుగు మీద అమితాబ్ ఊదే ఆ బాణీ ఎవరు మర్చిపోతారు! తెరవెనక దాన్ని వాయించింది భాను గుప్తా. 1958లో వచ్చిన 'సోల్వా సాల్'లో దేవానంద్ పాటకు మౌతార్గాన్ ఊదింది ఆర్.డి.బర్మన్. మన దగ్గర అది హీరో చేతిలో సరదా వస్తువు. కానీ అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లజాతివారి చేతుల్లో అది గొంతే అయిపోయింది. జర్మనీలోని ట్రాసింజెన్ ఊళ్లో 1857లో మథియాస్ హోనర్ మొదలుపెట్టిన కంపెనీ సరుకు సముద్రం దాటి వాళ్ల జేబుల్లో చేరింది. చవక, పైగా ఎక్కడికైనా వెంట వస్తుంది.

పది రంధ్రాలు, లోపల ఇరవై రేకులు. ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకోటి. బ్లూస్ వాళ్ల కిటుకంతా పీల్చడంలోనే ఉంది. నోటిలోపలి ఆకారం మార్చి, పీల్చే గాలిని వంచి, స్వరాన్ని కిందికి లాగుతారు. వీణ మీద తీగను పక్కకు లాగితే పలికే గమకం లాంటిదే అది, కాకపోతే ఇక్కడ వేలికి బదులు నాలుక! లిటిల్ వాల్టర్ అనే షికాగో కుర్రాడు మైకునీ మౌతార్గాన్‌నీ రెండు చేతుల దోసిట్లో బిగించి వాయించాడు. 1952లో అతని 'జూక్' అక్కడి రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. పాట లేదు, ఉత్త వాద్యమే. 1968లో, 37 ఏళ్లకే పోయాడు.

ఆ వరస వాళ్లను ఎదురుగా చూడాలంటే హైదరాబాద్ వాళ్లకు దగ్గరి దారి ముంబయి. బాంద్రాలోని మెహబూబ్ స్టూడియోలో 2011 ఫిబ్రవరిలో మహీంద్రా బ్లూస్ ఉత్సవం మొదలైంది. తొలి ఏడే బడీ గయ్ వచ్చాడు. మౌతార్గాన్ దిగ్గజం జూనియర్ వెల్స్‌తో ఏళ్ల తరబడి జోడీ కట్టిన గిటారిస్టు ఆయన. ఫిబ్రవరి అంటే... అవును, మాఘం!

అవుట్‌లుక్‌కి అందని లెక్క

కొండాపూర్‌లో అమ్మతో, భార్యాపిల్లలతో ఉంటున్న ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉన్నాడనుకుందాం. అన్నయ్య న్యూజెర్సీలో. ఇక్కడున్నవాడు కాబట్టి అమ్మ ఆస్పత్రి, అద్దె ఇంటి గొడవ, బంధువుల శుభలేఖలు అన్నీ ఇతని పాలే. అభిమాన వాద్యకారుడు ముంబయి వస్తున్నాడని తెలిసిన రోజే టికెట్ కొన్నాడు. విమానం కూడా. ఓ రోజు అమ్మ పంచాంగం మూసి, 'ఈసారి నాన్న ఆబ్దికం శనివారం పడింది నాన్నా, సెలవు పెట్టే పని కూడా లేదు' అంది. ఆవిడకది శుభవార్తే! అతనికి మాత్రం అదే శనివారం.

పెళ్లయితే ముందురోజు కనిపించి, అక్షింతలు వేసి జారుకోవచ్చు. పుట్టినరోజయితే వారం జరపొచ్చు. ఆబ్దికం జరగదు. తిథి అపరాహ్ణంలో ఏ రోజున ఉందో ఆ రోజే. పోనీ మధ్యాహ్నం భోక్తలు లేవగానే విమానాశ్రయానికి పరిగెడదామా అంటే, కర్త ఆ రోజు ప్రయాణం చేయకూడదని, రెండోసారి భోంచేయకూడదని నియమం. పాటించని ఇళ్లు ఉండొచ్చు. పక్కగదిలో అమ్మ ఉన్న ఇంట్లో దాని గురించి చర్చకు దిగడం కష్టం.

ఈ చిక్కంతా రెండు క్యాలెండర్లది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. అంటే తిథి ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతుంది. సుమారు 32, 33 నెలలకోసారి అధిక మాసం వచ్చి ముందుకు నెడుతుంది. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది అందుకే. ఆఫీసు కంప్యూటర్లోని క్యాలెండర్‌కి 'ప్రతి ఏడూ ఇదే తేదీ' అని చెప్పొచ్చుగానీ 'మాఘ బహుళ విదియ' అని చెబితే తెల్లమొహం వేస్తుంది.

వచ్చేసారి అంటే...

'పోనీలే, వచ్చేసారి చూడొచ్చు' అంటారు ఇంట్లో. అక్కడే మనసు కలుక్కుమంటుంది. బ్లూస్ వాళ్లలో పేరున్నవాళ్లు చాలామంది పెద్దవయసు వాళ్లు. మడీ వాటర్స్ బృందంలో మౌతార్గాన్ ఊదిన జేమ్స్ కాటన్ 2017లో వెళ్లిపోయాడు. జాన్ మేయల్ 2024లో. అంత దూరం ఎందుకు? పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్‌కు 2014లో నిండా 45 ఏళ్లే. 'మన బాలూయే కదా, ఎప్పుడైనా వినొచ్చు' అనుకున్నవాళ్లకు 2020 సెప్టెంబరు 25 తర్వాత ఆ ఎప్పుడైనా మిగల్లేదు. అయితే పీటల దగ్గర దర్భలు అందించే అమ్మ వయసూ చిన్నదేం కాదు. తూకం ఎటూ తేలదు.

చిత్రమేమిటంటే, మన సంగీతంలో అతిపెద్ద పండగే ఓ ఆబ్దికం! 1847లో త్యాగరాజు సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి నాడు తిరువాయూరులో విద్వాంసులంతా ఒకచోట కూర్చుని పంచరత్నాలు పాడతారు. అక్కడ కచేరీయే తిథిని బట్టి నడుస్తుంది. ముంబయి నిర్వాహకులకు ఆ వెసులుబాటు లేదు, వాళ్లది రెండో శనివారం లెక్క.

అందుకని మన ఇంజినీరు టికెట్ ఆఫీసులో ఎవరికో ఇచ్చేస్తాడు. వాళ్లు ఫోన్‌లో పట్టి పంపిన నాలుగు నిమిషాల వీడియోలో మౌతార్గాన్ కన్నా పక్కవాళ్ల ఈలలే ఎక్కువ వినిపిస్తాయి. వచ్చే ఏడాది నాన్న తిథి ఏ జనవరి నెలాఖరుకో జరుగుతుంది, ఫిబ్రవరి ఖాళీయే. మళ్లీ ఈ తిథీ ఈ తేదీ దాదాపుగా కలిసేది 19 ఏళ్లకు.