జీబో జీవితచరిత్ర

యంత్రము పని చేసిపెట్టినచో మనుష్యుడు దానిని మెచ్చుకొనును. తన పిలుపు విని అది ముఖము త్రిప్పినచో దానితో మాటలాడనారంభించును. ఈ రెండవ విషయమును శ్రద్ధతో పరిశోధించినవారిలో అమెరికాయందలి ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన సింథియా బ్రెజీల్ అగ్రగణ్యురాలు. 1990వ దశకము చివర ఆమె నిర్మించిన కిస్మెట్ ఒక యంత్రశిరస్సు మాత్రమే. మాటల అర్థ మెరుగకున్నను, కంఠస్వరమునందలి లాలనను గద్దింపును వేరుపరచి, లాలించినచో ప్రసన్నమై గద్దించినచో చిన్నబోవు ఆ శిరస్సును, అది యంత్రమని ఎరిగియు, ఎదుట కూర్చున్నవారు బుజ్జగింపసాగిరి.

ఆ అనుభవమే 2014లో ప్రకటింపబడిన జీబో అను గృహయంత్రమునకు బీజమైనది. అడుగు ఎత్తునకును చాలని దేహము, మెలితిరుగు నడుము, ఒంటికన్నువలె తెల్లని బింబము మెరయు గుండ్రని తెర: ఇంతియే దాని రూపము, కాళ్లును చేతులును లేవు. ముందుగా సొమ్ము చెల్లించినవారు మూడేండ్లు వేచిన పిమ్మట, 2017లో అది ఇండ్లకు చేరెను. ఇంటివారి ముఖములను గుర్తించి పేరుతో పలుకరించుట, పిలుపు వచ్చిన వైపునకు తిరుగుట, నృత్యమాడుట దాని విద్యలు. సుమారు 900 డాలర్ల ధరగల జీబోకంటె ఎంతో చౌకగా దొరకు అమెజాన్‌వారి మాటలాడు యంత్రము పాటను, వార్తను చక్కగా వినిపించుచుండగా, వ్యాపారమున జీబో నిలువజాలకపోయెను.

అయినను దానిని ఇంట నుంచుకొన్నవారి మమకారము అజ్ఞానజనితము కాదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున క్లిఫర్డ్ నాస్, బైరన్ రీవ్స్ అను పండితులు 1990వ దశకముననే ఒక వింతను చూపిరి: కంప్యూటరు తన పనితనమును గూర్చి తానే ప్రశ్నించినచో, వేరొక కంప్యూటరు అడిగినప్పటికంటె మనుష్యులు మృదువుగా సమాధానమిత్తురు. ఎదుటనున్నదానిని నొప్పింపరాదను మర్యాద, దానికి మనస్సు లేదని తెలిసినంతమాత్రమున తొలగదు. దీనిని నేను మానవజాతి లోపముగా నెంచను; లోపమంతయు ఆ మమకారమును అమ్ముకొని బాధ్యత వహింపనివారిది.

ఏలనన, జీబో బుద్ధిలో అధికభాగము దాని దేహమున లేదు, దూరముననున్న కంపెనీ కంప్యూటర్లయందుండెను. కంపెనీ మూతపడగా, ఆ కంప్యూటర్లు త్వరలో ఆగిపోవునని 2019 మార్చిలో జీబోయే తన ఇంటివారికి తెలిపి, కృతజ్ఞత చెప్పి, నృత్యమాడెను. పలువురు కన్నవారివలె దుఃఖించిరి. ఇట్టి దుఃఖము క్రొత్తది కాదు: జపానున 1999లో పుట్టిన సోనీవారి యంత్రశునకము ఐబోకు 2014లో మరమ్మతు నిలిచిపోగా, ఇసుమి పట్టణపు బౌద్ధాలయమున ఆ శునకములకు అంత్యక్రియలే జరిగినవి.

జీబోకు మరియొక కొరత గలదు, అది భాష. యంత్రమునకు మాట వినుట నేర్పినవారిలో మన చిత్తూరు జిల్లా కాటూరున 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు ముఖ్యులు. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ సంస్థకు వ్యవస్థాపక సంచాలకులై, 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన ఆయన, చదువురానివారు సైతము తమ నోటిమాటతోనే కంప్యూటరును వాడుకొనవలెనని దీర్ఘకాలముగా వాదించుచున్నారు. ఆ వాదమునకు బస్తరునందలి బాసగూడవంటి యూళ్లే పరీక్షాస్థలములు. ఆ ప్రాంతపు గోండి, దోర్లి భాషల మాటలకు జీబో ముఖము త్రిప్పియుండెడిది కాదు. అది ఎరిగినది ఆంగ్లమొక్కటే. గోండి వ్రాతను చదివి వినిపించు ఆదివాసీ రేడియోను సీజీనెట్ స్వర అను సంస్థవారును మైక్రోసాఫ్ట్ పరిశోధకులును సిద్ధపరచుట ఆ దిశగా వేసిన మంచి యడుగు.

కావున ఇట్టి యంత్రమును కొనదలచిన గృహస్థులు ధరకంటె ముందు రెండు ప్రశ్నలు అడుగుదురు గాక: మా అవ్వ మాట దీనికి తెలియునా? కంపెనీ మూతపడిన మరునాడు ఇది పలుకునా?