కాలివంతెన - కాళ్ళ సత్తువ

మీరు ఇంటినుంచి కూరల బజారుకు వెళ్ళిరావాలంటే ఎన్ని మెట్లెక్కి దిగాలో ఎప్పుడైనా లెక్కపెట్టారా? బెజవాడవాసులకు ఈ ప్రశ్న వింతగా తోచదు. ప్రకాశం బ్యారేజి దగ్గర బయలుదేరే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమనుంచే పోతాయి. అవి చాలవన్నట్టు రైలు పట్టాలు ఊరిని మళ్ళీ అటూ ఇటూ చేశాయి. ఇల్లొక పక్కన, పిల్లల బడి ఇంకో పక్కన, గుడి కాలువకు అవతల, రేషను దుకాణం పట్టాలకు అవతల! పెద్ద వంతెనలు బస్సులకూ లారీలకూ బాగానే ఉంటాయి కాని, పాలపాకెట్టు కోసం, పెన్షను కోసం, వియ్యపురాలిని పలకరించడం కోసం మైలు దూరం చుట్టి రావడమంటే మాటలా? అందుకే ఒక ఇనుప కాలివంతెన పడిందంటే రెండు పేటలకు చుట్టరికం కలిసినట్టే. అవతలి గట్టువారితో పెళ్ళి సంబంధాలూ చేబదుళ్ళూ మొదలయ్యేది అక్కడినుంచే.

ఆరోగ్యం పేజీలో వంతెనల ప్రసక్తి ఏమిటంటారా? చెబుతాను. రోడ్డుమీద వేసే కాలివంతెన కిందినుంచి లారీలు పోవాలి కనుక దానికి సుమారు నలభై మెట్లుంటాయి. అంటే రెండంతస్తుల మేడ ఎక్కినంత. ఊపిరితిత్తులకు పెద్ద ఆపరేషను చేయబోయే ముందు మా సర్జన్లు రోగిని రెండంతస్తులు ఎక్కించి చూసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మీ పేటలోని కాలివంతెన ఆ పరీక్షను మీకు రోజూ ఉచితంగా చేస్తోందన్నమాట!

ఊరికే కూర్చున్నప్పుడు శరీరం వాడుకునే ప్రాణవాయువుతో పోలిస్తే, చదునైన నేలమీద నడిచేటప్పుడు సుమారు మూడు రెట్లు కావాలి. నెమ్మదిగా మెట్లెక్కితే నాలుగు రెట్లు, గబగబా ఎక్కితే ఎనిమిది రెట్లకు పైనే. అందుచేత కింద నడిచినంతసేపూ ముసుగు వేసుకున్న జబ్బు మెట్ల దగ్గర బయటపడుతుంది. మెట్లెక్కుతుంటే ఛాతీమీద బరువు పెట్టినట్టై, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోయిందనుకోండి. "గ్యాసు" అని సోడా తాగి ఊరుకోకండి. అది గుండెకు రక్తం చాలడంలేదని చెప్పే కబురు కావచ్చు. తగ్గినా సరే, ఆ రోజే ఇ.సి.జి. తీయించుకోండి. కూర్చున్నా తగ్గకపోతే, చెమటలు పోస్తే, మరో ఆలోచన లేకుండా 108కి ఫోను చేయండి. పిక్క పట్టేసి, ఆగితే వదిలి, మళ్ళీ నాలుగడుగులు వేయగానే పట్టేస్తుంటే అది కాలి రక్తనాళాలు సన్నబడిన లక్షణం. చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చేవారిలోనూ షుగరు ఉన్నవారిలోనూ ఇది ఎక్కువ. ఇక ముప్పై ఏళ్ళయినా నిండని ఇల్లాలు సగం మెట్లకే గుండె దడదడలాడి కూలబడిందంటే, ముందు కనురెప్ప కింద ఎర్రదనం ఉందో లేదో చూస్తాం. మన ఆడవాళ్ళలో రక్తహీనత అంత సామాన్యం.

అయితే నా ఓ.పి.కి వచ్చేవారిలో మెట్లంటే భయపడేవారు ఎక్కువమంది గుండెజబ్బువాళ్ళు కారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు. అరవైయయిదేళ్ళ ఒకావిడ సంగతి చెబుతాను. రక్తపుపోటుకు నెలనెలా వచ్చి మాత్రలు తీసుకువెళ్ళేది. ఒకసారి మూడు నెలలు కనిపించలేదు. తరవాత వచ్చినప్పుడు చూస్తే 190/110! "ఏమ్మా, మాత్రలు మరిచిపోయారా?" అన్నాను. "మరుపు కాదు బాబూ, ఆ వంతెన ఎక్కలేక" అంది. అవతలి పక్కన భజన మానేసింది, చెల్లెలి ఇంటికి పోవడం మానేసింది, చివరికి ఆస్పత్రి కూడా మానేసింది. ఆమె రాత్రిళ్ళు నిద్రపట్టక, అన్నం సయించక చిక్కిపోయింది కూడా. ఈ చిక్కడానికి మందులసీసాలో జవాబు లేదు. మనుషుల ముఖాలు చూడకపోవడమే సగం జబ్బు. వృద్ధుల్లో ఒంటరితనం దిగులుకూ, గుండెజబ్బుకూ కూడా దోహదం చేస్తుందని వైద్యశాస్త్రం ఇప్పుడు గట్టిగానే చెబుతోంది.

ఆవిడకు నేను రాసిచ్చినవి మూడు. రక్తపుపోటు అదుపులోకి వచ్చాక ఒకేసారి రెండు నెలలకు సరిపడే మాత్రలు. తొడ కండరాలకు వ్యాయామం. మెట్లెక్కే పద్ధతి. వ్యాయామం ఎంత సులువో చూడండి. కుర్చీలో కూర్చుని ఒక కాలు తిన్నగా చాపి, అయిదు లెక్కపెట్టేదాకా బిగబట్టి దించాలి. ఒక్కొక్క కాలికి పదిసార్లు, పూటపూటా. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు సుమా! తొడ కండరం గట్టిపడితే మోకీలుమీద భారం తగ్గుతుంది. ఆరు వారాలు విడవకుండా చేయాలి, వారానికే ఫలితమేదని నన్ను నిలదీయవద్దు.

మెట్ల పద్ధతి కూడా నేర్చుకోదగ్గదే. ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు వేయాలి, దిగేటప్పుడు ముందు నొప్పిగల కాలు దించాలి. చేతికర్ర ఉంటే దాన్ని నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. నూటికి తొంభైమంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, సినిమాలు చూసి కాబోలు! రెండో చెయ్యి కమ్మీమీదే ఉండాలి, కనుక సంచి భుజానికి తగిలించుకోండి. మోకాళ్ళకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం, పడిపోయేదీ ఎక్కువగా దిగేటప్పుడే. దగ్గరికీ దూరానికీ కలిపి ఒకే కళ్ళజోడు పెట్టుకునేవారికి కింది అద్దంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది. గడ్డం దించి, పై అద్దంలోంచి మెట్టు చూడడం అలవాటు చేసుకోవాలి. షుగరువల్ల అరికాళ్ళు తిమ్మిరెక్కినవారు హవాయి చెప్పులతో తడి ఇనుపమెట్లు ఎక్కరాదు. వెనకపట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి.

మోకాళ్ళూ గుండే బాగున్నవారు మాత్రం వంతెన చూసి మొహం చిట్లించకండి. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో మరోమారు చెప్పింది. రోజుకు రెండుసార్లు వంతెన దాటితే అందులో కొంతభాగం ఖర్చు లేకుండా జమపడుతుంది.

"వంతెన ఉండగా కిందనుంచి పరుగెత్తే బద్ధకస్తులకు బుద్ధి చెప్పండి డాక్టరుగారూ" అని కొందరంటారు. డివైడరు దూకే కుర్రవాడికి తప్పక చెబుతాను. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులు. కాని నలభై మెట్లెక్కలేని ముసలావిడకు బుద్ధి చెప్పి ఏం లాభం? ఆవిడకు కావలసింది నేలమీదనే దాటే చోటు, వాహనాలను ఆపే దీపం. వంతెన తప్పనిసరైన చోట లిఫ్టు ఉండాలి, లేదా ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగున వాలుదారి ఉండాలి. లిఫ్టు పెట్టి తాళం వేసిన చోట్లు నేనూ చూశాను, దానికన్నా పెట్టకపోవడమే నయం. హైదరాబాదులో ఉప్పల్ కూడలిలో 2023 జూన్‌లో తెరిచిన ఆకాశవంతెనకు లిఫ్టులూ, కదిలే మెట్లూ ఉన్నాయి. అక్కడి మెట్రో స్టేషన్లలో రైలు ఎక్కకపోయినా, టిక్కెట్టు లేకుండానే, ఒక వైపు లిఫ్టులో ఎక్కి రోడ్డుకు రెండోవైపు దిగవచ్చు. ఈ సంగతి తెలియక మా బంధువులే ఎందరో కింద ప్రాణాలరచేత పెట్టుకుని దాటుతుంటారు.

మరో హెచ్చరిక. 2017 సెప్టెంబరు 29న ముంబయిలో ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను కాలివంతెనమీద, వాన కురుస్తుండగా జరిగిన తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా చనిపోయారు. తొక్కిసలాటలో చాలామంది పోయేది కాళ్ళకింద నలిగి కాదు, ఛాతీ ఒత్తుకుపోయి ఊపిరాడక. కనుక జనం బిగుసుకుంటున్నప్పుడు రెండు చేతులూ మడిచి రొమ్ముకు అడ్డం పెట్టుకోండి. చేతిలోది పడిపోతే వంగకండి. ప్రవాహానికి ఎదురు తోయకుండా, దానితో కదులుతూ కొద్దికొద్దిగా పక్కకు జరగండి. మెట్ల మొదట్లో నిలబడి గొడుగు విప్పడం, ఎదురైన స్నేహితుణ్ణి పలకరించడం మామూలు రోజుల్లో కూడా మంచిది కాదు. కబుర్లకు వంతెన దిగాక టీ బడ్డీ ఉండనే ఉంది.

గర్భిణీలు కాలివంతెన ఎక్కవచ్చునా అని అడుగుతుంటారు. డాక్టరు విశ్రాంతి తీసుకోమని ప్రత్యేకంగా చెబితే తప్ప, నిక్షేపంగా ఎక్కవచ్చు. నెలలు నిండుతున్నకొద్దీ పాదాలు కంటికి కనిపించవు, శరీరం తూకం ముందుకు మారుతుంది. కమ్మీ పట్టుకుని, సగంలో ఒకసారి ఆగి ఎక్కాలి. చంకలో పెద్దపిల్లవాణ్ణి ఎత్తుకుని మాత్రం ఎక్కవద్దు, వాణ్ణి తండ్రి ఎత్తుకోవచ్చు.