మీకు తెలుసా? ఎలుకకు పనిచేసిన మందు మనిషికి పనిచేయలేదు

ఎలుక మెదడు సుమారు 2 గ్రాములు, పైన నున్నగా ఉంటుంది. మనిషిది దాదాపు 1,350 గ్రాములు, అంతా ముడతలే. తలకు దెబ్బ తగిలితే ఆ ముడతల అడుగునే ఒత్తిడి ఎక్కువ. ప్రయోగశాలలో మత్తిచ్చిన ఎలుక పుర్రెకు స్టీలు బిళ్ల అంటించి, గొట్టంలోంచి 2 మీటర్ల ఎత్తు నుంచి 450 గ్రాముల ఇత్తడి దిమ్మె వదిలే పద్ధతి ఒకటుంది. దెబ్బ ప్రతిసారీ ఒకేలా పడుతుంది. బైకు మీంచి పడ్డవాడికి అలా తగలదు. అందుకేనేమో, తలకు దెబ్బ తగిలిన ఎలుకల్లో మేలు చేసిన ప్రొజెస్టెరాన్ అనే మందు, 2,000 మందికి పైగా రోగులు పాల్గొన్న రెండు పరీక్షల్లో ఏ మేలూ చేయలేదని 2014లో వెలువడిన ఫలితాలు తేల్చాయి.

మరి ఎలుకలెందుకంటారా? దెబ్బ తిన్న కణాల్లో గంటగంటకూ ఏం జరుగుతోందో మనిషి మెదడు కోసి చూడలేం కదా! కాకపోతే ముడతల మెదడున్న పందిలోనూ నెగ్గాకే మందు రోగి దాకా రావడం మంచిది.