చెల్లి కంట్లో శుక్లం

పిల్లలూ, మొన్న ఎనిమిదో తరగతిలో ‘శుక్ల’ అంటే తెలుపు అని చెప్పాను. శుక్లపక్షం, కంట్లో శుక్లం రెండూ ఆ మాటతో వచ్చినవే. వెంటనే ఒకమ్మాయి లేచి, “శుక్లాలు తాతయ్యలకు కదా టీచర్! మా చెల్లికి పుట్టుకతోనే ఎలా వచ్చింది?” అని అడిగింది. బదిలీ మీద వాళ్లు సోనారికి వచ్చి నెల కాలేదు. ఆ ప్రశ్నకు జవాబు మీ అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

కంటిపాప వెనక గాజులా తేటగా ఒక కటకం ఉంటుంది. వెలుగు దానిగుండా లోపలి రెటీనా పొర మీద పడుతుంది. ఆ కటకం మసకబారితే శుక్లం అంటాం. పెద్దవాళ్లలో ఎక్కువగా వయసుతో వస్తుంది. కొందరు పిల్లల్లో తల్లి కడుపులోనే మొదలవుతుంది.

కారణాలు కొన్ని తెలుసు. కొన్ని కుటుంబాల్లో జన్యువుల ద్వారా వస్తుంది. మేనరికపు పెళ్లిళ్లలో ఒకే లోపం ఇద్దరి నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. గర్భం తొలినెలల్లో తల్లికి రుబెల్లా సోకినా రావచ్చు. ఈ సంగతిని 1941లో ఆస్ట్రేలియా కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు. ఒక కంటికే వస్తే చాలాసార్లు కారణం దొరకదు. అంతేగానీ గ్రహణం చూసినందువల్ల రాదు. అమ్మను తప్పుపట్టకూడదు.

తాతయ్య ఆపరేషన్ కొన్నాళ్లు ఆగవచ్చు. పాపకు అలా కుదరదు. చూడడం మెదడు నేర్చుకునే పని. తొలి వారాల్లో స్పష్టమైన బొమ్మ అందకపోతే మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. తర్వాత శుక్లం తీసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. అందుకే చూపుకు బాగా అడ్డుపడే శుక్లాన్ని మొదటి రెండు నెలల్లోనే తీయాలని వైద్యులు తొందరపడతారు.

మీ ఇంట్లో పసిపాప ఉంటే గమనించండి. కంటిపాపలో తెలుపు, కళ్లు అదేపనిగా అటూఇటూ కదలడం, మెల్ల, ముఖాలను చూడకపోవడం కనిపిస్తే పెద్దవాళ్లకు చెప్పండి. ఫ్లాష్ ఫోటోలో ఒక కన్ను తెల్లగా మెరిసినా చెప్పండి. ఆ తెలుపు కంటి క్యాన్సర్ వల్ల కూడా కావచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ పరీక్ష, చికిత్స ఉచితం. మీజిల్స్-రుబెల్లా టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో మీ కార్డులోనూ చూసుకోండి.

ఆ చెల్లికి రెండో నెలలోనే ఆపరేషన్ అయింది. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటోంది. బలహీనమైన కంటికి పని చెప్పడానికి రోజూ కొన్ని గంటలు మంచి కంటికి పట్టీ వేస్తారు. ఇది ఏళ్ల తరబడి సాగాలి, ఊరు మారినా ఆగకూడదు. బదిలీ అనగానే టీసీ, మార్కుల కార్డులు ముందు సర్దుకుంటాం కదా! టీకాల కార్డు, కంటి ఆసుపత్రి కాగితాలు కూడా లారీలో వేయకుండా చేతిసంచిలోనే పెట్టుకోండి. కొత్త ఊరి డాక్టరు మొదట అడిగేవి అవే.

చెల్లి పట్టీ పీకేయకుండా ఆడించే పని ఇప్పుడు మా ఎనిమిదో తరగతి అమ్మాయిదే.